పై స్పీకర్లు ఎక్కడ పెట్టాలి? గోడ మీద చోటు వెతికే ముందు చెవి దగ్గర కోణం కొలవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గది పొడవు 5 మీటర్లు, వెడల్పు 3.8, ఎత్తు 2.9. తొమ్మిది స్పీకర్లు, కింది స్వరాల కోసం ఒక సబ్‌వూఫర్, వీటికి శబ్దాన్ని పంచిపెట్టే తొమ్మిది చానళ్ల రిసీవర్ ఉన్నాయి. మూడు స్పీకర్లు తెర దగ్గర ఉన్నాయి. చుట్టూ వినిపించే శబ్దాల కోసం ఉండే సరౌండ్ స్పీకర్లు రెండూ పక్క గోడల మీద 2 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మిగిలిన నాలుగింటినీ పైకప్పు నాలుగు మూలల్లో బిగించారు. సోఫా వెనక గోడకు ఆనించి ఉంది. వాన పడే సన్నివేశంలో చప్పుడు చుట్టూ వస్తోంది గాని నెత్తి మీద పడుతున్నట్టు లేదు, హెలికాప్టర్ తెర పైఅంచు దాటి లోపలికి రావడం లేదు, ఇంకో రెండు స్పీకర్లు కొని 7.1.4 (చెవి ఎత్తున ఏడు, ఒక సబ్‌వూఫర్, పైన నాలుగు) చేస్తే బాగుపడుతుందా అని అడిగారు.

సూటిగా జవాబు: కొనకండి. ఉన్న తొమ్మిదింటితోనే 5.1.4 చక్కగా కుదురుతుంది. మీ గదిలో లోపించింది చెవి ఎత్తున ఉండాల్సిన వరుసకూ, నెత్తి మీద ఉండాల్సిన వరుసకూ మధ్య ఎడం. సరౌండ్ స్పీకర్లను కిందికి దించండి. పై నాలుగింటినీ మూలల నుంచి లోపలికి తీసుకురండి. సోఫాను వెనక గోడ నుంచి ముందుకు జరపండి. మూడూ చేయాలి. ఒకటి చేసి రెండు వదిలేస్తే పడిన శ్రమకు తగ్గ ఫలితం కనిపించదు.

ఎందుకో మీ కొలతలతోనే చూద్దాం. సోఫాలో కూర్చున్నప్పుడు చెవి నేల నుంచి సుమారు 1.1 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే పైకప్పు మీ చెవికి 1.8 మీటర్ల పైన ఉన్నట్టు. సోఫా గోడకు ఆనించి ఉంది కాబట్టి మీ తల ముందు గోడకు 4.6 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ముందు మూలలో పైకప్పుకు బిగించిన స్పీకర్ మీకు ముందువైపు 4.6 మీటర్లు, పక్కకు 1.9 మీటర్లు దూరంలో ఉంటుంది. లెక్క కడితే అది మీ చెవి మట్టం నుంచి దాదాపు 20 డిగ్రీల ఎత్తున ఉంది. ఇక పక్క గోడ మీది సరౌండ్ స్పీకర్ సంగతి. అది చెవికి 0.9 మీటర్ల పైన, 1.9 మీటర్లు పక్కన ఉంది. కోణం 25 డిగ్రీలు.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు "పైన" అనుకుంటున్న స్పీకర్ 20 డిగ్రీల దగ్గరా, "పక్కన" అనుకుంటున్నది 25 డిగ్రీల దగ్గరా ఉన్నాయి. నేల నుంచి కొలిస్తే పైకప్పు స్పీకరే ఎత్తు. మీ చెవి నుంచి కొలిస్తే గోడ మీదిదే ఎత్తు. చెవికి నేల లెక్క తెలియదు, కోణమే తెలుసు. వెనక మూలల్లో ఉన్నవి మాత్రం 43 డిగ్రీల ఎత్తున ఉన్నాయి గాని, సోఫా గోడకు ఆనించి ఉండడం వల్ల అవి దాదాపు మీ భుజాలకు సమాంతరంగా వచ్చేశాయి. వెనక పై స్పీకర్లు చేయాల్సిన పని అక్కడి నుంచి చేయలేవు. కాబట్టి ఇంకో రెండు స్పీకర్లు కొని తగిలించినా హెలికాప్టర్ తెర దాటి రాదు.

పక్క స్పీకర్లను ఎత్తుగా పెట్టడం మీ తప్పని అనడం లేదు. 5.1 రోజుల్లో సరౌండ్ స్పీకర్లను చెవికి రెండు మూడు అడుగుల పైన పెట్టమని చెప్పేవాళ్లం. అప్పుడు పై వరుస లేదు. శబ్దం ఫలానా పెట్టె నుంచి వస్తోందని తెలియకుండా గదంతా పరుచుకోవాలన్నదే అప్పటి ఉద్దేశం. పై వరుస వచ్చాక ఆ సలహా చెల్లదు. కింది వరుస కిందే ఉంటేనే పై వరుసకు పైన అనే అర్థం వస్తుంది. నేను సరిచేసిన గదుల్లో ఎక్కువసార్లు దొరికిన లోపం ఇదే, పాత అమరికను అలాగే ఉంచి దానిమీద కొత్త స్పీకర్లు చేర్చడం.

చెవి ఎత్తును ఎలా గుర్తిస్తుంది? కాస్త ఆగి ఈ సంగతి చెప్పాలి. ఇది తెలిస్తే మిగతా సూచనలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

కుడి ఎడమలు తేల్చడం మనకు చాలా తేలిక. శబ్దం ఒక చెవికి ముందూ, రెండో చెవికి కొంచెం ఆలస్యంగానూ చేరుతుంది. పూర్తిగా పక్క నుంచి వచ్చినప్పుడు ఆ తేడా 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు. దాదాపు 1500 హెర్ట్జ్‌కు దిగువన మెదడు ఈ కాలం తేడాను పట్టుకుంటుంది. అంతకు పైన తల అడ్డుపడడం వల్ల రెండు చెవుల మధ్య వచ్చే బలం తేడాను పట్టుకుంటుంది. కానీ శబ్దం సరిగ్గా మీ ఎదుట ఉండి, పైకి గాని కిందికి గాని కదిలిందనుకోండి. రెండు చెవులకూ ఒకే సమయంలో, ఒకే బలంతో చేరుతుంది. ఇక్కడ పై రెండు ఉపాయాలూ పనికిరావు. అప్పుడు ఆదుకునేది చెవిదొప్ప. దాని మడతల్లో తగిలి లోపలికి వెళ్లే శబ్దం, వచ్చిన ఎత్తును బట్టి కొన్ని పౌనఃపున్యాల్లో పెరుగుతుంది, కొన్నింటిలో తగ్గుతుంది. పుట్టినప్పటి నుంచి వింటున్న ఆ తేడాలను మెదడు ఎత్తుగా చదువుకుంటుంది. ఆ మడతలు సెంటీమీటర్లలో ఉంటాయి కాబట్టి అంతే పొట్టి తరంగాల మీద, అంటే సుమారు 5000 హెర్ట్జ్‌కు పైన ఉన్న శబ్దం మీద మాత్రమే వాటి ప్రభావం గట్టిగా ఉంటుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. కళ్లు మూసుకుని కూర్చుని, ఎవరినైనా మీ ఎదుట తాళంచెవుల గుత్తి ఆడించమనండి. ఒకసారి మోకాలి ఎత్తున, ఒకసారి తల పైన, వరుస తప్పించి ఆడించాలి. ఎక్కడుందో వేలితో చూపించండి. దాదాపు ప్రతిసారీ సరిగ్గానే చూపిస్తారు. ఇప్పుడు రెండు చెవిదొప్పలనూ వేళ్లతో తలకు అదిమి పట్టుకుని, రంధ్రం మాత్రం మూసుకుపోకుండా చూసుకుని మళ్లీ ప్రయత్నించండి. వేలు తడబడడం మొదలవుతుంది. తాళంచెవులకు బదులు దిండు మీద అరచేత్తో తట్టమంటే, చెవులు వదిలేసినా తడబాటే. ఆ మొద్దు చప్పుడులో చెవిదొప్పకు పనికొచ్చే సన్నని భాగం లేదు.

దీన్నుంచి రెండు సంగతులు తేలుతున్నాయి. మొదటిది, ఎత్తును పోల్చుకోవడంలో చెవి అడ్డంగా పోల్చుకున్నంత సూక్ష్మం కాదు. ఎదుట అడ్డంగా రెండు మూడు డిగ్రీల తేడాను కూడా పట్టేస్తాం. నిలువుగా అంత నిశితంగా పట్టలేం. అందుకే రెండు వరుసల మధ్య 5, 10 డిగ్రీల తేడా ఉన్నా లేనట్టే. కనీసం 25, వీలైతే 30 దాటాలి. రెండోది, పై స్పీకర్ల నుంచి వచ్చే సన్నని ధ్వని మీ చెవికి చేరకపోతే కోణం ఎంత సరిగ్గా ఉన్నా ఎత్తు తెలియదు. రెండోదానికి తర్వాత వస్తాను. ముందు సోఫా.

సోఫా: వెనక గోడకూ మీ తలకూ మధ్య 1.6 మీటర్లు. 5 మీటర్ల గదిలో తల ముందు గోడకు 3.4 మీటర్ల దగ్గర ఉంటుంది. గది మధ్యలోకి సోఫా వచ్చిందని ఇంట్లో గొణుగుడు తప్పదని తెలుసు. అయినా దీన్ని మొదటి స్థానంలో పెట్టడానికి కారణాలున్నాయి. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే వెనక పై స్పీకర్లకు చోటే ఉండదు. పైగా గది పొడవు వల్ల పుట్టే బాస్, అంటే కింది స్వరాల ఒత్తిళ్లన్నీ గోడ దగ్గరే గరిష్ఠంగా ఉంటాయి. మీ గది పొడవుకు మొదటి అనునాదం 34 హెర్ట్జ్ దగ్గర, రెండోది 69 దగ్గర వస్తాయి. గోడ దగ్గర తల పెట్టినవాడికి రెండూ ఉబ్బి వినిపిస్తాయి. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే దీనికి వ్యతిరేకం, 34 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. మూడింట రెండు వంతుల దగ్గర రెండు బాధలూ తక్కువ. ఇరవై సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా నష్టం లేదు. ఏ కారణం చేతనైనా సోఫా అంత దూరం కదలదంటే, కనీసం 60, 70 సెంటీమీటర్లు ముందుకు తీసుకురండి. అదీ కుదరకపోతే 5.1.4 ఆలోచన మానేసి, తలకు కొంచెం ముందుగా రెండే పై స్పీకర్లతో 5.1.2 చేసుకోండి. అది నిజాయితీగా పని చేస్తుంది.

చెవి ఎత్తు వరుస. తెర దగ్గరి కుడి ఎడమ స్పీకర్లు ముందు గోడకు 40 సెంటీమీటర్లు ముందుకు ఉంటే మీ తలకు వాటి వరుస 3 మీటర్లు. నడిగీతకు చెరో వైపు 1.4 మీటర్ల దగ్గర పెట్టండి. అది 25 డిగ్రీల కోణం. 22 నుంచి 30 వరకు ఎంతైనా మంచిదే. 30 కోసం పట్టుబడితే మీ గదిలో అవి పక్క గోడలకు అతుక్కుపోతాయి, గోడ మీద తగిలి వచ్చే ప్రతిఫలనం, శబ్దాలు ఎక్కడెక్కడున్నాయో చెవి గీసుకునే బొమ్మను చెడగొడుతుంది. నడిమి స్పీకర్ తెర కింద ఉంటే దాని ముఖాన్ని చెవి వైపు పైకి వంచండి, అంతే చాలు.

సరౌండ్ స్పీకర్లను మీ తలకు 70 సెంటీమీటర్లు వెనక్కి, పక్క గోడల మీద పెట్టండి. ముందు దిశ నుంచి లెక్కిస్తే అది 110 డిగ్రీలు. 5.1 అమరికకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం చెప్పే 100 నుంచి 120 డిగ్రీల హద్దులో ఇది సరిగ్గా మధ్యన ఉంది. ఎత్తు 1.3 మీటర్లు, అంటే చెవికి ఒక జానెడు పైన. సరిగ్గా చెవి మట్టానే ఎందుకు వద్దంటున్నానంటే, ముగ్గురు కూర్చునే సోఫాలో పక్కవాళ్ల తల అడ్డం వస్తుంది. జానెడు ఎత్తు ఆ తలను దాటిస్తుంది. కోణం మాత్రం 6 డిగ్రీలే అవుతుంది, దాన్ని చెవి పట్టించుకోదు. ఇంకో చిన్న ఉపాయం: ఎడమ స్పీకర్ ముఖాన్ని సోఫా కుడి చివర కూర్చున్నవాళ్ల వైపు, కుడిదాన్ని ఎడమ చివర వైపు తిప్పండి. దగ్గరున్నవాళ్లకు పక్క నుంచి కాస్త మెత్తగా, దూరంగా ఉన్నవాళ్లకు సూటిగా చేరుతుంది. మూడు సీట్లకూ పంపకం సమంగా ఉంటుంది.

పై వరుస. ముందు రెండూ మీ తలకు 1.8 మీటర్లు ముందుకు. వెనక రెండూ 1.35 మీటర్లు వెనక్కి. నాలుగూ నడిగీతకు చెరో వైపు 1.2 మీటర్లు. అన్నీ పైకప్పుకు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. స్పీకర్ల అమరిక చూపే మార్గదర్శక బొమ్మల్లో ముందు పై స్పీకర్లకు 45 డిగ్రీలు అని ఉంటుంది, 30 నుంచి 55 దాకా సడలింపు ఇస్తారు. వెనకవాటికి ముందు దిశ నుంచి 135, అంటే వెనక వైపు నుంచి చూస్తే మళ్లీ 45. ఆ కోణం గదిని పక్క నుంచి చూసినప్పటిది. స్పీకర్ పక్కకు జరిగిన దూరం అందులో కనిపించదు. మీ చెవి నుంచి స్పీకర్ దాకా నిజంగా దారం లాగి కొలిస్తే కోణం తక్కువే వస్తుంది. తెర దగ్గరి స్పీకర్ల వరుసలోనే, 1.4 మీటర్ల దగ్గర, పై స్పీకర్లు పెట్టమన్నది మామూలు సూచన. మీ గదిలో అలా చేస్తే ముందువాటి నిజమైన ఎత్తు 38 డిగ్రీలు. 1.2 మీటర్లకు లోపలికి తెస్తే 40 అవుతుంది, వెనకవి 45 అవుతాయి. మీ పైకప్పు మరీ ఎత్తు కాదు కాబట్టి నేనైతే ఆ ఇరవై సెంటీమీటర్లు లోపలికే వస్తాను. మీటరు కన్నా లోపలికి మాత్రం రావద్దు. నెత్తిన కుడి ఎడమల వెడల్పు కుంచించుకుపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంతకుముందు ముందు పై స్పీకర్లు సరౌండ్ కన్నా 5 డిగ్రీలు కిందే ఉండేవి. ఇప్పుడు 34 డిగ్రీలు పైన ఉన్నాయి. ఒక్క స్పీకర్ కూడా కొనలేదు.

7.1.2 ఎందుకు వద్దని అడగొచ్చు, తొమ్మిది చానళ్లతో అదీ వీలే కదా. పైన రెండే ఉంటే శబ్దం నెత్తిన కుడి నుంచి ఎడమకు పోగలదు గాని, ముందు నుంచి వెనక్కి పోలేదు. మీ హెలికాప్టర్ చేయాల్సిన ప్రయాణమే అది. పైగా మీ వెనక 1.6 మీటర్లే ఉంది. పక్క, వెనక సరౌండ్లు రెండు జతలు పెడితే అవి ఒకదాని పని ఒకటి చేసుకుంటాయి. గది 6, 7 మీటర్ల పొడవుండి రెండు వరుసల సీట్లుంటే నా సలహా మారేది.

ఇక సన్నని ధ్వని సంగతి. ఒకసారి ఒక గదికి వెళ్లాను. పై నాలుగు స్పీకర్లూ కోణాల్లో అంగుళం తప్పు లేకుండా బిగించారు, అయినా యజమాని ఫిర్యాదు సరిగ్గా మీదే: పైనుంచి వస్తున్నట్టు లేదు. మైక్ పెట్టి కొలిస్తే చెవి దగ్గర 6000 హెర్ట్జ్ నుంచి ధ్వని జారుడుబండలా దిగిపోతోంది. స్పీకర్లు నాలుగూ నేరుగా నేల వైపు చూస్తున్నాయి, వినేవాడు వాటికి 45 డిగ్రీల పక్కన కూర్చున్నాడు. చాలా సీలింగ్ స్పీకర్లలో సన్నని ధ్వనినిచ్చే చిన్న భాగాన్ని, అంటే ట్వీటర్‌ను, వేలితో వంచే వీలుంటుంది. జాలీ తీసి చూస్తే వీటిలోనూ ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నాలుగు ట్వీటర్లనూ సోఫా వైపు వంచి, జాలీలు తిరిగి పెట్టి, అదే వాన మళ్లీ వినిపించాం. ఆయన తల పైకెత్తి చూశారు. మనిషి తనకు తెలియకుండానే తలెత్తితే, ఆ గది కుదిరిందని నాకు గుర్తు.

మీరు మూలల్లో వాడిన పెట్టె స్పీకర్లనే పైకప్పుకు వాడుతున్నారు కాబట్టి, వంచే బిగింపులు తీసుకుని ముఖం సోఫా వైపు తిప్పండి. అప్పుడు ఈ సమస్య రాదు. బరువు చూసుకోండి. ఫాల్స్ సీలింగ్ పలకకు ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా తగిలించవద్దు. దాని వెనకున్న గట్టి ఆధారానికే బిగించి, స్పీకర్‌కు వేరుగా ఒక రక్షణ తీగ కట్టండి. నెత్తి మీద వేలాడే వస్తువు విషయంలో దీనికి మినహాయింపు లేదు. రెండు పై స్పీకర్ల మధ్య ఫ్యాన్ ఉంటే, స్పీకర్ నుంచి చెవికి వచ్చే సరళరేఖలో దాని రెక్కలు పడకుండా చూసుకోండి.

పైకప్పుకు రంధ్రం పెట్టలేనివాళ్ల కోసం ముందు స్పీకర్ల మీద పెట్టి శబ్దాన్ని పైకప్పుకు కొట్టి కిందికి దింపే రకం ఉంది. పైకప్పు చదునుగా, గట్టిగా, మూడు మీటర్ల చుట్టుపక్కల ఎత్తులో ఉంటే అది ఫర్వాలేదనిపిస్తుంది. వాలు కప్పు, దూలాలు, శబ్దాన్ని పీల్చే పలకలు ఉంటే వృథా. మీ దగ్గర అసలైన స్పీకర్లున్నాయి, దాని జోలికి వెళ్లకండి.

రిసీవర్‌కు నిజం చెప్పండి. ఇది ఎవరూ పట్టించుకోని మెట్టు. పై స్పీకర్లను వాడుకునే డాల్బీ అట్మాస్ అనే ధ్వని పద్ధతి 2012లో సినిమా హాళ్లకూ, 2014లో ఇళ్లకూ వచ్చింది. దాని పద్ధతిలో కొన్ని శబ్దాలు ఫలానా స్పీకర్‌కని కాకుండా, గదిలో ఫలానా చోట ఉన్నాయన్న సమాచారంతో వస్తాయి. ఆ చోటును మీ స్పీకర్ల మధ్య పంచే పని రిసీవర్‌ది. మామూలు ఇళ్ల రిసీవర్లకు స్పీకర్ల నిజమైన కోణాలు తెలియవు. మీరు జాబితాలో ఏ పేరు ఎంచుకుంటే దాన్నే నమ్ముతాయి. ఇంతకాలం మీ మూలల స్పీకర్లకు "టాప్ ఫ్రంట్", "టాప్ రేర్" అని ఇచ్చి ఉంటే, ముందువాటి విషయంలో రిసీవర్‌కు తప్పు సమాచారం ఇచ్చినట్టే. గోడ మీద పైకప్పు దగ్గర ఉన్నవాటికి "ఫ్రంట్ హైట్" అన్న పేరు వేరే ఉంటుంది. కొత్త స్థానాలకు మాత్రం "టాప్ ఫ్రంట్", "టాప్ రేర్" సరైనవే.

ఆరో-3డి (Auro-3D) అనే మరో ధ్వని పద్ధతిలో వినే ఆలోచన కూడా ఉంటే ఒక మాట. ఆ పద్ధతిలో పై వరుస స్పీకర్లు కింది స్పీకర్లకు సరిగ్గా పైన, దాదాపు 30 డిగ్రీల ఎత్తున ఉండాలి, కావాలంటే నడినెత్తిన ఇంకొకటి. సంగీత కచేరీ జరిగిన హాలు ఎత్తును వినిపించడానికి అది చాలా అందమైన అమరిక. రెండు పద్ధతులకూ ఒకే స్పీకర్లు వాడదలిస్తే ముందు పై స్పీకర్లను 35 డిగ్రీల దగ్గరకు జరపడం మధ్యేమార్గం. కానీ సినిమాలే ఎక్కువ చూస్తానన్నారు, కాబట్టి 40 దగ్గరే ఉంచండి. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రూపొందించి 2005 ఐచీ ఎక్స్‌పోలో వినిపించిన 22.2 అమరికలో పైన తొమ్మిది, చెవి ఎత్తున పది, ఇవి కాక తెర అడుగున మూడు స్పీకర్లుంటాయి. కింది నుంచి వచ్చే ధ్వనికి కూడా ఒక వరుస ఇచ్చారన్నమాట. ఇళ్లలో ఆ మూడో వరుసను వదిలేస్తున్నాం. నాకు అది ఎప్పుడూ కొంచెం లోటుగానే అనిపిస్తుంది.

కొలవడం ఎలా? ఒక స్టాండ్ గాని, కర్ర గాని తీసుకుని, సోఫాలో మీ తల ఉండే చోట 1.1 మీటర్ల ఎత్తున ఒక గుర్తు పెట్టండి. అక్కడ దారం కట్టి స్పీకర్ దాకా బిగువుగా లాగండి. ఫోనులో వాలు చూపించే ఉపకరణం ఉంటుంది. ఫోను అంచును దారానికి సమాంతరంగా పట్టుకుంటే డిగ్రీలు కనిపిస్తాయి. తొమ్మిదింటికీ కొలిచి కాగితం మీద రాసుకోండి. పైకప్పు మీద చోటు గుర్తించడానికి నేల మీద ముందుగా చాక్‌పీసుతో గీసుకుని, పైనుంచి బరువు కట్టిన దారం వదిలి రెండూ కలిసే చోటు పట్టుకోవడం తేలిక. నిచ్చెన మీద నిలబడి టేపుతో అంచనా వేస్తే పది సెంటీమీటర్లు ఇట్టే తప్పిపోతాయి.

ఆ తర్వాత దూరాలు, స్థాయిలు. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది, అంటే 34 సెంటీమీటర్లకు ఒక మిల్లీసెకను. కొత్త అమరికలో తెర దగ్గరి కుడి ఎడమలు మీకు 3.3 మీటర్ల దూరంలో, సరౌండ్లు 2 మీటర్ల దూరంలో, ముందు పైవి 2.8, వెనక పైవి 2.55 దగ్గర ఉంటాయి. సరిచేయకపోతే సరౌండ్ శబ్దం నాలుగు మిల్లీసెకన్లు ముందే వచ్చేస్తుంది. చెవి ముందొచ్చినదాన్నే నమ్ముతుంది, కాబట్టి బొమ్మంతా పక్కకు లాగేసినట్టుంటుంది. రిసీవర్‌తో వచ్చిన మైక్ ఈ పని బాగానే చేస్తుంది, అయినా అది ఇచ్చిన దూరాలను టేపుతో సరిచూసుకోండి. ఒక్క సబ్‌వూఫర్‌కు మాత్రం అసలు కన్నా ఎక్కువ దూరం చూపిస్తే దిద్దవద్దు. దాని లోపలి విద్యుత్ వలయాల ఆలస్యాన్ని కూడా కలిపి చెబుతోంది.

స్థాయి ప్రతి స్పీకర్‌కూ సమంగా, పరీక్ష ధ్వనితో చెవి దగ్గర 75 డెసిబెల్స్ ఉండేలా పెట్టండి. పై స్పీకర్లను రెండు మూడు డెసిబెల్స్ పెంచమనే సలహా మీకు తప్పకుండా ఎదురవుతుంది. కనీసం రెండు వారాలు ఆగండి. కోణం తప్పినప్పుడు స్థాయి పెంచితే ఎత్తు రాదు, హోరు వస్తుంది. కోణం సరిగ్గా ఉంటే పెంచాలనిపించదు. కింది స్వరాల్ని సబ్‌వూఫర్‌కు పంపే హద్దు అన్ని స్పీకర్లకూ 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. పైవి చిన్నవైతే వాటికి 100, 120 పెట్టినా తప్పులేదు.

తీగల విషయంలో ఒక అనుభవం. శబ్దాలను కలిపి కూర్చే ఒక మిక్సింగ్ గదిలో పైనుంచి వచ్చే శబ్దం ఎటూ నిలవడం లేదని పిలిచారు. రోజంతా కోణాలు, పరదాలు, ప్రతిఫలనాలు పరిశీలించాం. చివరికి తేలిందేమిటంటే, వెనక పై స్పీకర్లు రెండూ కుడి ఎడమలు తారుమారయ్యాయి, వాటిలో ఒకదానికి ప్లస్ మైనస్ కూడా తిరగబడ్డాయి. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా మొదటి పది నిమిషాలు తీగలకే. పరీక్ష ధ్వనిని ఒక్కో స్పీకర్‌కు పంపి, దాని దగ్గరకు వెళ్లి చేయి పెట్టి చూస్తాను. తర్వాత పక్కపక్కనున్న రెండింటికి ఒకే ధ్వని పంపుతాను. అది రెంటి మధ్యన ఒకచోట గట్టిగా నిలవాలి. చెదిరిపోయి తల చుట్టూ తిరుగుతున్నట్టుంటే ఒకదాని తీగలు తిరగబడ్డాయని అర్థం.

అంతా అయ్యాక ఎత్తు పరీక్ష. కళ్లు మూసుకుని కూర్చోండి. ఎవరినైనా పరీక్ష ధ్వనిని ఎడమ సరౌండ్‌కూ, ఎడమ పై స్పీకర్లకూ మార్చిమార్చి పంపమనండి, ముందుగా చెప్పకుండా. ప్రతిసారీ చేయి చాచి చూపించండి. హోరులా అన్ని పౌనఃపున్యాలూ ఉన్న ధ్వనే వాడాలి. సన్నని కూత వంటి ఒకే స్వరం వాడితే అది ఎక్కడినుంచి వచ్చినా పైనుంచి వచ్చినట్టే అనిపిస్తుంది, మన చెవికి ఆ అలవాటుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు మీ చేయి సరైన వరుసను చూపిస్తే పని పూర్తయినట్టే. తడబడుతుంటే పై స్పీకర్ల వంపునూ, సరౌండ్ల ఎత్తునూ మళ్లీ చూడండి.

పైకప్పుకు శాశ్వతంగా రంధ్రాలు పెట్టే ముందు ఒక వారం తాత్కాలికంగా విని చూడండి. రెండు పొడవాటి లైట్ స్టాండ్లు అద్దెకు తెచ్చి, ముందు పై స్పీకర్లను కొత్త చోట, పైకప్పుకు వీలైనంత దగ్గరగా నిలబెడితే చాలు. స్టాండ్ల కాళ్ల మీద బరువు సంచులు వేయండి. వెనకవాటిని ఆ వారం మూలల్లోనే వదిలేయండి. సోఫా ముందుకొచ్చిందంటే అవి 36 డిగ్రీల దగ్గర, కొంచెం వెనగ్గా పడతాయి, తాత్కాలికానికి ఫర్వాలేదు. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఆ వారంలోనే సబ్‌వూఫర్‌కు 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే స్వరం పంపి, గదంతా తిరుగుతూ పలకలు ఎక్కడ గిలగిల్లాడుతున్నాయో వినండి. మీ గది ఎత్తుకు 59 హెర్ట్జ్ చుట్టుపక్కల అది బయటపడే అవకాశం ఎక్కువ. పలక వదులుగా ఉన్న చోట స్పీకర్ బిగిస్తే ఆ గిలగిలనే జీవితాంతం పైనుంచి వినాల్సి వస్తుంది. ముందు దాన్ని బిగించండి, తర్వాతే డ్రిల్ తీయండి.